మునిమాపు వేళ వచ్చే తల్లి

చాముండేశ్వరి పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సంగతి తెనాలిలో వాళ్ల వీధంతా ఏనాడో ఒప్పేసుకుంది. కూరగాయల బేరం దగ్గర నుంచి కూతుళ్ల పెళ్లిళ్ల దాకా ఆవిడ ఒక మాట అన్నదంటే ఇక అదే మాట. అయితే ఆవిడ నిజంగా ఒక కుందేలుని చేత్తో పట్టుకున్నది మాత్రం అరవై దాటాక, అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే ఊరి చివర, అడవి అంచున ఉన్న అద్దె ఇంటి పెరట్లో. పట్టుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆ తరవాత ఆవిడ అనుకోని రోజు లేదు.

రెండో కూతురు సాయి ప్రియ పురిటికి వచ్చింది ఆవిడ. సాయి ప్రియ డాక్టరు. అక్కడి ఆస్పత్రిలో రెసిడెన్సీ చేస్తోంది, అంటే చదువు పేరుతో వెట్టిచాకిరీ. అల్లుడు వినీత్‌కి ఉద్యోగం ఎక్కడో టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. రెండు వారాలకోసారి విమానంలో వచ్చి, పిల్లని ఎత్తుకుని ఫొటోలు దిగి, ఆదివారం సాయంత్రానికి వెళ్లిపోతాడు. అందుకని పిల్ల కడుపులో ఉండగానే ఏర్పాటు జరిగిపోయింది. వీసా మీద ఇచ్చిన ఆరు నెలల గడువు తీరగానే, నవంబరులో, అమ్మమ్మ మనవరాలు ఇషాని వెంటబెట్టుకుని తెనాలి వెళ్లిపోతుంది. ప్రియ రెసిడెన్సీ అయిపోయాక తెచ్చి అప్పగిస్తుంది. ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు. అక్కడి తెలుగువాళ్లలో ఎంతమంది పిల్లలు అమ్మమ్మల దగ్గర మాటలు నేర్చుకుని తిరిగి రాలేదు? పెద్ద కూతురు పద్మ కొడుకు అద్వైత్‌ని కూడా చాముండేశ్వరే మూడో ఏడు వచ్చేదాకా పెంచి, ఫ్రీమాంట్‌లో పద్మకి అప్పగించి వచ్చింది.

పైగా ఆవిడకి అదొక గర్వం. తన చేతిలో పడ్డ ఏ పిల్లా ఆకలితో ఏడవలేదని పదిమందిలో చెప్పుకునేది. పెట్టెలో పట్టుచీరల మధ్య చుట్టుకుని వాళ్ల తాతమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె తెచ్చుకుంది. దాని ముక్కు సన్నగా, పిల్ల నోట్లో ఇమిడేలా ఉంటుంది. ఎందరు పసివాళ్ల చిగుళ్లు తగిలి అరిగిందో ఆ ముక్కు. ఆయన పోయినప్పటి నుంచి తెనాలి ఇల్లు బావురుమంటోంది. ఇషా వస్తే మళ్లీ ఇల్లు ఇల్లులా ఉంటుందని ఆవిడ ఆశ. ఆ ఆశని ఆవిడ కూతురికి చెప్పలేదు గానీ, దాచుకోనూ లేదు.

జూన్ నెల. ఇషా ఇంకా నెల పిల్ల. ప్రియ సెలవు అయిపోయి డ్యూటీలో చేరిపోయింది. ఆ మధ్యాహ్నం చాముండేశ్వరి పెరట్లో తను నాటుకున్న కొత్తిమీర మడికి నీళ్లు పోస్తుంటే, కట్టెల పేర్పు పక్కన ఓ రాయి దగ్గర ఏదో కనబడింది. వంగి చూస్తే కుందేలు పిల్ల. పిడికెడు లేదు. గోధుమ రంగు బొచ్చు, చెవులు వీపుకి అతుక్కుపోయి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉంది. ఆవిడ నీడ మీద పడినా కదల్లేదు, పారిపోలేదు, కిక్కురుమనలేదు. బట్టలు ఆరేసి వచ్చి చూసింది, అక్కడే ఉంది. ఇషాకి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, పడుకోబెట్టి వచ్చి చూసింది, అక్కడే ఉంది. తల్లి జాడ లేదు.

"తల్లి లేని పిల్ల" అని తీర్పు చెప్పేసింది చాముండేశ్వరి. ఆవిడ తీర్పు చెప్పాక పైకోర్టు లేదు.

పాత తువ్వాల్లో చుట్టి లోపలికి తెచ్చి, చెప్పుల డబ్బాలో పడుకోబెట్టింది. ఆవుపాలు గోరువెచ్చగా కాచి, సగానికి సగం నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పట్టింది. అది తాగింది. ఆవిడ మురిసిపోయింది. పద్మకి వీడియో కాల్ చేసి మరీ చూపించింది.

చీకటి పడబోతుండగా, వంటింటి కిటికీలోంచి చూస్తే, రాయి దగ్గర పెద్ద కుందేలొకటి కూర్చుని ఉంది. వెనక కాళ్లు ఒంటికి మించినవి. అటూ ఇటూ చూసి, రాయి చుట్టూ తిరిగి, మళ్లీ కూర్చుంది. కాలితో నేల మీద టపటపా కొట్టింది. చాముండేశ్వరికి కొత్తిమీర గుర్తొచ్చింది. తలుపు తీసి, చప్పట్లు కొట్టి హుష్ హుష్ అని అదిలించింది. అది కదలకపోతే కట్టెపేడు ఒకటి విసిరింది. అది అడవిలోకి గెంతి పోయింది. ఆవిడ తలుపు వేసుకుని, తన దొడ్డి తను కాపాడుకున్నానన్న తృప్తితో డబ్బాలోని పిల్లకి ఇంకో విడత పాలు పట్టింది.

పొద్దున్నకి దాని పొట్ట ఉబ్బి బిగిసింది. మధ్యాహ్నానికి పోయింది. పోతున్నప్పుడు కూడా చప్పుడు చేయలేదు.

అసలు సంగతి శారద వల్ల తెలిసింది. శారద పక్క వీధిలో ఉంటుంది. విశాఖపట్నం వైపు మనిషి. డెబ్బైల దశకంలో వచ్చి, అక్కడి యూనివర్సిటీలో అడవి జంతువుల పాఠాలు చెప్పి రిటైరయింది. బాలింతరాలికని కంది పచ్చడి చేసి తెచ్చిన మనిషి డబ్బాలోకి చూసి, కుర్చీలో కూలబడింది. తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇవి మనం ఇళ్లలో పెంచే కుందేళ్ల లాంటివి కావు, బొరియ తవ్వవు. మంచు అడవుల కుందేళ్లు. మంచులో దిగబడకుండా వెనక పాదాలు చేటల్లా ఉంటాయి. పిల్లల్ని ఆరుబయటే కంటాయి. ఆ పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. నాలుగు రోజులు తిరక్కుండానే తలో దిక్కుకి వెళ్లి దాక్కుంటాయి. పగలల్లా కదలవు, అరవవు. తల్లి కూడా ఆ ఛాయలకి రాదు. తన వాసన పట్టుకుని నక్కో గుడ్లగూబో వస్తుందని భయం. మునిమాపు వేళ ఒక్కసారి మాత్రం పుట్టిన చోటికి వస్తుంది. పిల్లలు పరిగెత్తుకొస్తాయి. పాలు పొంగేంతసేపు ఇచ్చి, వెళ్లిపోతుంది. ఆవుపాలు ఆ పిల్లలకి విషమే.

"రాకపోవడమే దాని కాపలా" అంది శారద.

నిన్న సాయంత్రం ఒకటి వచ్చిందని, తను తోలేశానని చెప్పింది చాముండేశ్వరి. మనిషి చెయ్యి తగిలాక తల్లి ముట్టుకోదు కదా అని అడిగింది, అవునంటే బాగుండునన్నట్టు. శారద తల అడ్డంగా ఊపింది. నిన్న ఆ వేళకి తీసుకెళ్లి రాయి దగ్గర పెట్టి ఉంటే పాలిచ్చేదని చెప్పింది. అబద్ధం చెప్పడం శారదకి చేతకాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రం చాముండేశ్వరి దీపం ఆర్పి కిటికీ దగ్గర నిలబడింది. అది వచ్చింది. కట్టెల కింద నుంచి ఒకటి, ఫెర్న్ పొదలోంచి ఒకటి, రెండు పిల్లలు ఉరికొచ్చి పొట్ట కిందకి దూరాయి. తాగాయి. ఎటువి అటు వెళ్లిపోయాయి. తల్లి వెళ్లలేదు. అడవి వైపు తిరగకుండా, రాయి వైపే చూస్తూ కూర్చుంది. కాలితో నేల మీద కొట్టింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని లోకం తిట్టే తిట్టు తనకి సరిగ్గా సరిపోయిందని చాముండేశ్వరికి అనిపించింది. తను పెట్టింది విషం, పెట్టేదాన్ని తోలేసింది.

చచ్చిన పిల్లని మర్నాడు ఆ రాయి పక్కనే పాతిపెట్టింది. మట్టి కప్పబోతూ, ఆగి, లోపలికి వెళ్లి ఉగ్గుగిన్నె తెచ్చి దాంతోపాటు పెట్టేసింది. ఇక దాంతో ఇంకో పిల్లకి పాలు పట్టడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. ప్రియ అడిగితే, ఎక్కడ పెట్టానో మరిచిపోయానంది.

ఆ తరవాత తల్లి కుందేలు రోజూ వచ్చింది. మిగతా రెండు పిల్లలూ పెరిగి ఎటో పోయాక కూడా వచ్చింది. రాయి దగ్గర కూర్చునేది, కాసేపు చూసేది, కాలితో కొట్టేది. చాముండేశ్వరి సాయంత్రం కాగానే పెరటి కిటికీకి తెర లాగేసేది. అయినా ఆ చప్పుడు వినబడేది. బట్టల మెషీన్ తిరుగుతున్నా, టీవీ పెట్టినా, దూరాన ఎవరో రోట్లో దంచుతున్నట్టు, టప, టప. ప్రియని అడిగితే ఏమీ వినబడలేదంది. ఆ పిల్లకి నిద్ర చాలక తన పేరే వినబడేది కాదు, అది వేరే మాట. శారదని అడిగితే, కుందేళ్లు పుట్టిన చోటు చుట్టూరా అవే దారుల్లో తిరుగుతుంటాయి, అక్కడి చిగుళ్ల కోసం వస్తుందేమో అంది.

"అదే తల్లా?" అని అడిగింది చాముండేశ్వరి.

"అదే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. మీరు మాత్రం ఇంత మనసులో పెట్టుకోకండి" అంది శారద. పెట్టుకోవద్దంటే ఊరుకునే మనసా అది.

అక్టోబరు వచ్చింది. ఆకులు రాలి అడవి గోధుమ రంగు తిరిగింది. ఆ రోజుల్లోనే కుందేలు తెల్లబడటం మొదలెట్టింది. ముందు పాదాలు, తరవాత చెవులు, తరవాత పక్కలు. నెలాఖరుకి చెవుల కొసల నలుపు, కళ్లు తప్ప ఒళ్లంతా తెలుపే. మంచు మాత్రం పడలేదు. ఏటా ఈపాటికి పడేదట. మంచుని చూసి తెల్లబడవని, పగటి పొద్దు కుదించుకుపోవడం చూసి తెల్లబడతాయని శారద చెప్పింది. పొద్దు తన లెక్క తప్పలేదు, మంచే మాట తప్పింది. అందుకని ఎండుటాకుల మధ్య అది ఆరేసిన పంచెలా అల్లంత దూరానికి కనబడేది. అయినా కదిలేది కాదు. తను ఎవరికీ కనబడటం లేదనే దాని నమ్మకం. ఇప్పుడు తెర వేసినా ఆ తెలుపు తెర మీద మెరిసేది. విధవరాలి తెల్లచీరలా ఉందనిపించి చాముండేశ్వరి ఒళ్లు జలదరించేది.

ఒకరోజు మాటల్లో శారద అద్వైత్ సంగతి అడిగింది. చాముండేశ్వరి తను ఎప్పుడూ చెప్పి నవ్వించే కథ చెప్పింది. వాణ్ని ఫ్రీమాంట్ తీసుకెళ్లిన రోజు, తలుపు తీసిన పద్మని చూసి, నేర్పిన మర్యాద ప్రకారం రెండు చేతులూ జోడించి, "నమస్తే ఆంటీ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పద్మ కూడా నవ్వి, ఇప్పుడే వస్తానని బాత్రూంలోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి నీళ్ల చప్పుడు వినబడింది.

శారద నవ్వలేదు. కథ చెప్పడం అయ్యాక చాముండేశ్వరికి కూడా ఈసారి నవ్వు రాలేదు. ఆ రోజు వాడు తన కొంగు పట్టుకుని వదలకపోతే లోపల ఎంత పొంగిపోయిందో గుర్తొచ్చింది. తను తిరిగి వచ్చేసిన రోజున వాడు ఏడవలేదు. సోఫా వెనక నక్కి, కళ్లు తెరుచుకుని, కదలకుండా కూర్చున్నాడు. బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకున్నారు.

టికెట్లు వచ్చాయి. ఇషాకి పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. సామాను సగం సర్దారు. ఇక మిగిలింది పాలు మాన్పించడం. పగలు ప్రియ తీసిపెట్టి వెళ్లిన పాలు చెంచాతో పట్టేది గానీ, సాయంత్రమైతే పిల్లకి తల్లి పాలే కావాలి. విమానంలో ఇబ్బంది పడకూడదంటే పిల్ల ముందే సీసాకి అలవాటు పడాలి. దానికి చాముండేశ్వరి దగ్గర తాతల నాటి ఉపాయం ఉంది: తల్లి కంటబడకూడదు. ఊళ్లో అయితే తల్లి నాలుగు రోజులు పక్కింట్లో పడుకుంటుంది. ప్రియ ఇన్నాళ్లూ డ్యూటీ దిగి మునిమాపు వేళకి ఇల్లు చేరేది. చెప్పులు విప్పీ విప్పకుండానే పిల్లని ఒళ్లో వేసుకునేది. ఆ వేళకి ఇషా కళ్లు వీధి తలుపు మీదే ఉండేవి. ఇకనుంచి ఆస్పత్రిలోనో, శారదగారింట్లోనో ఉండి, పిల్ల నిద్రపోయాకే రమ్మని చెప్పింది చాముండేశ్వరి.

"సరేలే అమ్మా, నువ్వు చెప్పినట్టే. ఎలాగూ అలవాటు చేయాలి కదా" అంది ప్రియ.

మొదటి సాయంత్రం ఇషా గుక్కపట్టి ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది. ఆ తరవాత తగ్గింది. ఆ ఆదివారానికి ఏడుపే లేదు. సీసా నోట్లో పెడితే తాగింది. చాముండేశ్వరి హమ్మయ్య అనుకుని, పిల్లని చాప మీద పడుకోబెట్టి, లేవబోతూ ఎందుకో మొహంలోకి చూసింది. ఇషా తలుపు వైపు తల తిప్పుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కాళ్లూ చేతులూ బిగబట్టుకుని ఉంది. పేరు పెట్టి పిలిచింది, చిటికె వేసింది, కదల్లేదు. కిక్కురుమనలేదు.

చెప్పుల డబ్బా కళ్ల ముందు ఆడింది ఆవిడకి. పిల్లని ఎత్తుకుని భుజాన వేసుకుంది. పొట్ట తడిమి చూసింది, మెత్తగానే ఉంది. ఒళ్లు చూసింది, వెచ్చగానే ఉంది. ఏ జబ్బూ లేదు. దాక్కుంది, అంతే. తల్లి వచ్చే చోట, తల్లి వచ్చే వేళకి, శత్రువు చేతిలో పడి దాక్కుంది. ఆ శత్రువు తనే.

అప్పుడు పెరటి వైపు వినబడింది, టప, టప.

ఈసారి ఆవిడ తెర తీసేసింది. బయట మంచు పడుతోంది. ఆ ఏటికి మొదటి మంచు, గాలి లేకుండా, నిబ్బరంగా దిగుతోంది. రాయి దగ్గర కుందేలు కూర్చుని ఉంది. నేల తెల్లబడుతున్న కొద్దీ అది కనబడకుండా పోతోంది. మొదట పాదాలు కలిసిపోయాయి, తరవాత ఒళ్లు. చివరికి రెండు నల్లని చెవి కొసలు, ఒక కన్ను మాత్రం మిగిలాయి. ఆ కన్ను కిటికీ వైపే ఉంది. లోపల తల్లి లేని పిల్ల, బయట పిల్ల లేని తల్లి, నడుమ తలుపు మూసి గడియ వేసిన మనిషి తను. ఇంత జన్మలో తను చేసిన పుణ్యం ఇదా అని ఆవిడకి ఏడుపొచ్చింది. పిల్లని హత్తుకుని, ఫోన్ అందుకుని ప్రియకి చేసింది.

"ఇంటికి వచ్చెయ్యి."

"ఏమైందమ్మా? ఇషా..."

"ఇషా బాగానే ఉంది. నువ్వు వచ్చెయ్యి. ఎంతసేపట్లో రాగలవు?"

అంతలో వీధి మలుపులో, బర్చ్ చెట్ల వెనక, ఒక కారు దీపాలు వెలిగాయి. కారు కదిలి, మెల్లగా వచ్చి, ఇంటి ముందు ఆగింది. దాని మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఎప్పటి నుంచో అక్కడే ఆగి ఉంటే తప్ప అంత మంచు పట్టదు.

సాయి ప్రియ దిగింది. ఆస్పత్రి బట్టల్లోనే ఉంది. కోటు ముందు భాగం పాలతో తడిసి ఉంది. గడప దగ్గర తప్పు చేసిన పిల్లలా నిలబడింది.

"శారదగారింట్లో ఉన్నావనుకున్నానే" అంది చాముండేశ్వరి.

"రోజూ ఇక్కడికే వస్తున్నానమ్మా. అక్కడ్నుంచి మన కిటికీ కనిపిస్తుంది, కారు అద్దం దించితే ఏడుపు కూడా వినబడుతుంది. ఏడుపు ఆగేదాకా ఉండి, అప్పుడు కార్ స్టార్ట్ చేసి ఒక రౌండ్ వేసుకుని వస్తున్నా. ఇవాళ ఏడుపు వినబడలేదు. అందుకని కదల్లేకపోయాను."

చాముండేశ్వరి పిల్లని అందించింది. ఇషా ముందు తల్లి మొహంలోకి ఎవరన్నట్టు చూసింది. ఆ చూపు క్షణం సేపే. తరవాత వాసన పట్టి, పెదవి విరిచి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. అంత తియ్యని ఏడుపు చాముండేశ్వరి తన జన్మలో వినలేదు. ప్రియ చెప్పులతోనే నేల మీద కూలబడి పాలిచ్చింది. పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు, పిల్ల ఒళ్లు వదులై నిద్రలోకి జారింది.

"టికెట్లు క్యాన్సిల్ చేయించు" అంది చాముండేశ్వరి.

"అమ్మా, డ్యూటీలు ఎలా..."

"రెండూ చేయించు. నేనూ పోను. వీసావాళ్లు ఇంకొన్నాళ్లు ఉండనిస్తారేమో అడుగు. ఎన్నాళ్లు ఉండనిస్తే అన్నాళ్లు ఉంటా. తరవాత మీ అత్తగారిని రమ్మందాం, ఆవిడ కాళ్లు నేను పట్టుకుంటా. నువ్వు రోజుకి ఒక్కసారే రా, నీ వేళకి రా. నువ్వు వచ్చేసరికి పిల్ల ఇక్కడే ఉంటుంది."

ప్రియ తల్లి మొహంలోకి చూసింది. మూడు కాళ్ల కుందేలు మనిషి మాట మార్చడం తను పుట్టాక ఇన్నేళ్లలో చూడలేదు. పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

చాముండేశ్వరి అల్లుడి బూట్లలో కాళ్లు దూర్చి, శాలువా కప్పుకుని పెరటి తలుపు తీసింది. రాయి దగ్గర ఎవరూ లేరు. అంతా తెలుపు. ఇన్నాళ్లూ తనొక్కదానికే కనబడిందా, అసలు ఉందా అన్న భయంతో దగ్గరికి నడిచింది. రాయి పక్కన, తను పిల్లనీ వెండి గిన్నెనీ పాతిపెట్టిన చోట, మంచులో చిన్న గుంట ఉంది. దాని నుంచి అడవి వైపు పెద్ద పాదాల జాడలు వెళ్లాయి. ఆవిడ వంగి గుంటలో అరచెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

"నీ పిల్ల ఇక్కడే ఉందమ్మా. నేనే చంపుకున్నాను" అంది చాముండేశ్వరి అడవి వైపు చూస్తూ. "రా, రోజూ రా. ఇంకెప్పుడూ తోలను."

ఆవిడ చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది, ఆ వెచ్చదనం పూర్తిగా ఆరిపోయేదాకా.